నందిని గెలాక్సీని బల్ల మీద నుండి దించివేసిన వైనం

బత్తుల నందిని, వయస్సు పదిహేను సంవత్సరాలు, పదవ తరగతి విద్యార్థిని. మాచర్ల వద్ద నాపరాయి గనిలో పనిచేసే ఏడుకొండలు కుమార్తె. ఈ అర్జీ వ్రాయు విశ్రాంత గుమాస్తా మస్తాన్‌రావు ఆమెను పొరుగింటి పిల్లగా పదేళ్లుగా ఎరుగును.

మండల విజ్ఞాన ప్రదర్శనకు ఆమె గెలాక్సీ నమూనా ఒకటి చేసింది. గని దగ్గర పారవేసిన రాతిపెచ్చులను సుడులుగా పేర్చి, నడుమ నల్లరంగు పూసిన మూకుడు పెట్టింది. అది కృష్ణబిలం. విశ్వం పసితనంలోనే అంతంత బిలాలు ఎలా బలిశాయి, వాటి చుట్టూ ఉన్న గెలాక్సీలు వాటితోపాటు ఎలా పెరిగాయి అన్నది ఆమె అంశం. ఇక్కడ నెగ్గితే నరసరావుపేటలో జిల్లా ప్రదర్శనకు పోవచ్చునని ఆ పిల్ల కొండంత ఆశ పెట్టుకున్నది.

న్యాయనిర్ణేతల వెంట, బహుమతులిచ్చే ఆ గని యజమాని కూడా వచ్చాడు.

“ఒకే వాయువండీ. కొంత నక్షత్రాలయిద్ది, కొంత బిలంలో పడిద్ది. అందుకే రెండూ కలిసి పెరుగుతయ్. బిలం మరీ తింటే, దాని దగ్గర్నుంచి వేడిగాలి ఎగదన్ని మిగతా వాయువును తరిమేసిద్ది. ఇంక కొత్త నక్షత్రాలు పుట్టవు. మన క్వారీ, దాని పక్కన మన కూలోళ్ల కాలనీ కలిసి పెరగలా? అట్టాగే,” అన్నది నందిని.

యజమాని ముఖం కందగడ్డయింది.

“ఏందమ్మాయ్, నా క్వారీ మీ కాలనీని మింగిందంటావా?”

“అయ్యో, ఇది ఆకాశంలోదండీ!”

“ఆకాశంలోదానికి నా రాళ్లెందుకే?”

వెనుక ఎవరో కిసుక్కుమన్నారు. భౌతికశాస్త్రం బోధించే న్యాయనిర్ణేత నేలచూపులు చూశాడు. అంశం సముచితం కాదని చెప్పి నమూనాను వరండాలోకి దించివేశారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నది ఒకరు. శిక్ష పడినది పిల్లకు! బిలం ముందా, గెలాక్సీ ముందా అని శాస్త్రజ్ఞులే నేటికీ తర్కించుకుంటూ ఉండగా, ఒక చిన్న పోలికకు ఉలిక్కిపడటం ఏ పెద్దరికం?

నందిని కోపంతో రాళ్లను గోనెసంచిలోకి విసిరివేసింది.

“ఊరుకోవే తల్లీ. రేపు నన్ను పన్లోకి రావద్దంటే ఏం తింటాం?” అన్నాడు ప్రదర్శన చూడవచ్చిన ఏడుకొండలు.

“నేనేం తప్పన్నా నాన్నా? రెండూ పెరిగినయ్యనేగా అన్నా!”

“నువ్వన్నది ఒప్పేనే. విన్నోడు ఆసామి. అదీ చిక్కు.”

కావున జిల్లా విద్యాశాఖాధికారి వారు దయయుంచి, జిల్లా ప్రదర్శనకు ముందుగానే, నందిని నమూనాను ఆ శాస్త్రం చదివినవారి ఎదుట, బహుమతిదాత లేని చోట, మరల పరీక్షింపజేయవలసినదిగాను, ఈ అర్జీ కారణంగా ఆమె తండ్రి పనికి ఎట్టి భంగమూ కలుగకుండా చూడవలసినదిగాను ఆమె తరఫున ప్రార్థించడమైనది.