పొడంపేట మీద నల్లరంగు

ఆ రోజుల్లో మనిషి మంచివాడో చెడ్డవాడో తెలుసుకోవడానికి పెద్దగా శ్రమపడవలసిన అవసరం ఉండేది కాదు. తెర మీద అతడు నల్లగా ఉన్నాడా, తెల్లగా ఉన్నాడా అని చూస్తే చాలు, ఇంటర్వెల్‌కు ముందే కథ యావత్తూ తేలిపోయేది. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఒడిశాలోని బరంపురంలో ఒక బడిలో లెక్కల మాస్టారుగా కొత్తగా చేరాను. చూసిన ప్రతి సినిమాకూ గళ్ళు గీసిన నోటుబుక్కులో ఒక పేజీ కేటాయించేవాణ్ణి. దుర్మార్గుడి రంగు ఏమిటి, నౌకరు ఏ యాసలో మాట్లాడాడు, హాల్లో జనం ఎవరిని చూసి నవ్వారు, అన్నీ అందులో నమోదు. తెలుగు సినిమాల్లో మన బరంపురం వైపు యాస మాట్లాడేవాడు అంట్లు తోమేవాడు. ఒడియా సినిమాల్లో తెలుగువాడు కనబడితే జనం ముందుగానే నవ్వడానికి సిద్ధపడేవారు. రెండు వైపులా మనమే దొరికామన్న ఆగ్రహంతో పత్రికల సంపాదకులకు ఉత్తరాలు రాసి, నకళ్ళు దాచుకునేవాణ్ణి. (జవాబులు దాచుకునే శ్రమ మాత్రం ఎవరూ నాకు కల్పించలేదు.)

అటువంటి సమయంలో, మా జిల్లా సముద్రతీరంలోని పొడంపేటలో జాలరుల కథతో ఒక తెలుగు సినిమా తీయబోతున్నారన్న కబురు, ఛత్రపూర్‌లో గుమాస్తాగా ఉన్న మా బావ ద్వారా అందింది. తెలుగూ ఒడియా రెండూ వచ్చినవాడొకడు వాళ్ళకు కావాలట. బావ నా పేరు చెప్పేశాడట. ఆ పూట సంతోషంతో నాకు అన్నం సయించలేదు. సినిమాను ఇంతకాలం బయటినుంచి తిట్టాను. ఇప్పుడు లోపలికే వెళ్ళి సరిదిద్దుతాను! షూటింగుకు వారం ముందు కళ్ళజోడు అసిస్టెంటు ఒకడు మా ఇంటికి వచ్చి, అక్కడివాళ్ళ ఇళ్ళూ బట్టలూ ఎలా ఉంటాయో కాస్త రాసిమ్మని వినయంగా అడిగాడు. రాయమని అడిగిన తరువాత నేను ఆగే మనిషిని కాను. అక్కడికక్కడే పదహారు అంశాల జాబితా తయారుచేసి, కింద సంతకమూ తేదీ వేసి ఇచ్చాను.

షూటింగు రోజున నేను వెళ్ళేసరికి పొడంపేట పెళ్ళివారిల్లులా ఉంది. ఇళ్ళకు కొత్తగా సున్నం వేశారు, ఆడవాళ్ళు పెట్టెల్లోంచి మంచి చీరలు తీశారు. అందరిలోకీ మెరిసిపోతున్నది వేలం అప్ప. తెల్లవారి పడవలు ఒడ్డుకు రాగానే చేపల వేలం పాడేది ఆవిడే కనుక ఊరంతటికీ ఆ పేరే. ఆ గొంతు విని ముచ్చటపడిన డైరెక్టరు ఆవిడకొక వేషం ఇస్తానన్నాడు. ఆవిడ బరంపురం పట్టుచీర కట్టుకుని, పౌడరు రాసుకుని, ఉదయం నుంచీ గుమ్మంలో నిలబడి ఉంది. ఆ వేషం మీద ఆవిడ ఎంత ఆశ పెట్టుకుందో నాకు చెప్పింది. మనవరాలు ఛత్రపూర్‌లో హాస్టల్లో ఉండి చదువుతోంది. తోటి పిల్లలు ఆ అమ్మాయి పక్కన కూర్చోవలసి వస్తే ముక్కు మూసుకుంటారట. పేరు మానేసి 'శుఖువా' అని పిలుస్తారట. శుఖువా అంటే ఒడియాలో ఎండుచేప. "ఆ పిల్లలందరూ సూడాల బాబూ, దీని మామ్మ పట్టుసీరలో ఎలాగుంటాదో," అంది అప్ప.

అంతలో మేకప్ మనిషి నల్లరంగు డబ్బాతో వచ్చాడు. సమస్య ఏమిటంటే, పుట్టుకతో తెల్లగా ఉన్న హీరోను జాలరిని చేయడానికి బాగా నల్లరంగు పూశారు. తీరా అతణ్ణి అసలు జాలరుల పక్కన నిలబెడితే వాళ్ళే నకిలీగా కనబడుతున్నారు. అందుచేత ఊరందరికీ హీరోతో సమానంగా రంగు పూయాలని నిర్ణయించారు. సున్నం గోడలకు మసి పూస్తున్నారు. అప్ప చేతికి చిరిగిన పాతచీర ఒకటి ఇచ్చి, పట్టుచీర విప్పి రమ్మన్నారు. ఆవిడ ఆ పాతచీరను వేళ్ళ చివరన పట్టుకుని నిలబడిపోయింది.

నా రక్తం ఉడికిపోయింది. ఇసుకలో ఒక చిన్న దిబ్బ ఎక్కి ఉపన్యాసమే ఇచ్చాను: ఇది ఒక జాతికి జరుగుతున్న అవమానం, ఈ మనుషులు ఇలా ఉంటారని మీకు చెప్పిన మూర్ఖుడెవడు, వాణ్ణి నా ముందుకు తీసుకురండి, అని. కళ్ళజోడు అసిస్టెంటు ఎంతో ఇబ్బందిపడుతూ ఫైలులోంచి ఒక కాగితం తీసి, "మీరేనండీ," అన్నాడు.

నా ముత్యాల్లాంటి దస్తూరీ. ఒకటవ అంశం: శరీరచ్ఛాయ నలుపు. మూడవ అంశం: చీర చిరిగినదై ఉండవలెను. ఏడవ అంశం: గోడలకు మసి. తొమ్మిదవ అంశం: మాట్లాడునపుడు అరచెదరు. అసిస్టెంటు అన్నీ పైకి చదివాడు. (తొమ్మిదవ అంశం చదువుతున్నప్పుడు ఆ ఒడ్డున అరుస్తున్నవాణ్ణి నేనొక్కణ్ణే.)

అప్ప నావైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, వేలంలో చేపను తిప్పి చూసేటప్పటి పరిశీలన ఉంది. "మేస్టరు బాబూ, మా ఇంట్లోకి నువ్వెప్పుడొచ్చినావు?"

రాలేదన్నాను.

"మరి సూడకుండా ఎలా రాసినావు?"

సినిమాల్లో చూశానన్నాను. నేను పేజీలకు పేజీలు ఖండించిన ఆ సినిమాల్లోనే! అప్ప "అయితే ఇప్పుడు సూసి రాయి, రా," అని ఇంట్లోకి తీసుకుపోయింది. తళతళలాడే గిన్నెల వరస, గోడమీద జగన్నాథుడి పటం, మనవరాలి మార్కుల కాగితానికి కట్టిన అద్దం. స్టీలు గ్లాసులో టీ ఇచ్చింది. అక్కడ మంచినీళ్ళు కూడా ముట్టవద్దని మా అమ్మ బయలుదేరేటప్పుడే చెప్పింది. నా చెయ్యి ఒక్క క్షణం ఆలస్యమైంది. అప్ప అది చూసింది. "టీలో సేప ఎయ్యలేదులే, తాగు." గటగటా తాగి నాలుక కాల్చుకున్నాను. తరువాత గుమ్మంలో కూర్చోబెట్టి పదహారు అంశాలనూ ఒక్కొక్కటే కొట్టించి, ఆవిడ చెబుతుంటే తిరిగి రాయించింది.

ఆ కొత్త జాబితా చూసి డైరెక్టరు, ఇదంతా నిజమే కావచ్చు గాని చూసేవాళ్ళు నమ్మరన్నాడు. అప్ప పాతచీరను అతని కుర్చీ మీద మడతపెట్టి ఉంచింది. అంతే, రంగు పూసుకున్న ఊరంతా ఒక్కొక్కరుగా సముద్రంలోకి దిగి ముఖాలు కడుక్కున్నారు. ఎండ వాలిపోతోంది, డైరెక్టరు ఉన్నవాళ్ళను ఉన్నట్లే తీయక తప్పలేదు. ఆ సినిమాలో పొడంపేట మొత్తానికి నల్లరంగు మనిషి హీరో ఒక్కడే.

పట్టుచీర విషయంలో మాత్రం అతడు పట్టువిడవలేదు. ఆ చీరలో జాలరి వేషం కుదరదు. చేపలు కొనడానికి వచ్చిన పెద్దింటి ఆవిడగా, కంపు భరించలేక ముక్కు మూసుకుని నడిచిపోవాలి, ఇష్టమైతే చెయ్యి, అన్నాడు. నేను మళ్ళీ దిబ్బ ఎక్కబోతున్నాను. అప్ప నా చొక్కా పట్టి లాగి, కాసేపు ఆలోచించి, "సేత్తాను. నాకొచ్చినట్టు సేత్తాను," అంది.

ఏడాదికి ఆ సినిమా బరంపురం వచ్చింది. ఊరంతా లారీలో దిగింది. మనవరాలితో పాటు హాస్టల్ పిల్లలనూ అప్ప వెంటబెట్టుకొచ్చింది. తెర మీద అప్ప కనబడింది: రెండు వేళ్ళతో కొంగు ముక్కుకు ఆనించి, ఇంకో చేత్తో కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, ఇసుక కరుస్తుందేమో అన్నట్లు అడుగు తీసి అడుగు వేస్తూ, ఏమీ లేనిచోట కూడా ఏదో దాటుతూ. హాలు గొల్లుమంది. శుఖువా అని పేరు పెట్టిన పిల్లే ఆ ముక్కు మూసుకునే ఆవిడను చూసి నవ్వలేక నవ్వలేక, మనవరాలి భుజం మీద వాలిపోయింది. అప్ప తెరను చూడటం లేదు. ఆ ఇద్దరినీ చూస్తోంది.

బయటికి వచ్చాక ఉండబట్టలేక అడిగాను, అంత బాగా ఎవరిని చూసి నేర్చుకున్నావు అప్పా, అని. ఆవిడ కాస్త మొహమాటపడింది.

"సెప్తే ఏటనుకోకు బాబూ. ఆ దినం నువ్వు బస్సు దిగి మా ఊళ్ళోకి నడిసొచ్చినావు సూడు, సేతిరుమాలు అడ్డం ఎట్టుకుని. నాను గుమ్మంలో నిలబడి అంతా సూసినాను."

సినిమాలు మనుషులను చూపించే తీరు మీద నాకు ఈనాటికీ కోపం తగ్గలేదు. ఉత్తరాలు ఇంకా రాస్తూనే ఉన్నాను. అయితే మధ్యలో ఎప్పుడో కలం ఆగిపోతుంది. న్యాయం చేకూర్చడానికని అంత హడావుడిగా బయలుదేరి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ఇసుకలో ఆచితూచి నడిచివస్తున్న ఆ ఇరవై నాలుగేళ్ళ మాస్టారు, అప్ప గుమ్మంలోంచి చూసినట్లే నాకూ కనబడతాడు. పాపం, ఎంత ఉత్సాహంగా వస్తున్నాడో!