నక్కకు కాలర్

మిర్కాబ్‌లో ఫోన్లు బాగుచేసే కొట్టు ముందు సోల్డరింగ్ పొగ ముక్కుకు తగిలింది. వెంటనే చిన్నప్పుడు ఇదే అరబ్బు దేశంలో, అహ్మదిలో మేమున్న గది, అందులో మా నాయన పనిబల్ల గుర్తొచ్చాయి.

నాకప్పుడు ఏడేళ్లు. ఎడారిలో గొర్రెల మందలున్న ఒక ముసలి అరబ్బు, నక్క తన గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతోందని నాయనను సాయం అడిగాడు. నాయన పాత టేప్‌రికార్డరు విప్పి, దానికి పెద్ద స్పీకరు అతికిస్తున్నాడు.

"ఏం చేస్తాండావ్ నాయనా?"

"నక్కకు కాలర్, పాపా."

"నక్కకు చొక్కా యాడుంది?"

నాయన పడీపడీ నవ్వాడు. అది చొక్కా కాలర్ కాదనీ, ఇంగ్లీషులో కాలర్ అంటే పిలిచేదనీ, కుందేలు అరుపు వినిపించి నక్కను తుపాకీ ముందుకు పిలిచే పెట్టె అనీ చెప్పాడు. అయితే ఆ అరుపే ఎక్కడా దొరకలేదట. నేను ముక్కు మూసుకొని కీచుమని ఏడ్చి చూపించాను. నాయన నాచేత పదిసార్లు అరిపించి రికార్డు చేశాడు.

శుక్రవారం ముసలాయన మా గుమ్మంలోకి వచ్చి, "ఖలాస్! యా ముహందిస్!" అంటూ నాయన భుజం తట్టాడు. నక్క పెట్టె దగ్గరికే వచ్చిందట. ముహందిస్ అంటే ఇంజనీరు. ఎలక్ట్రీషియన్‌గా ఎన్నేళ్లు చేసినా నాయనను ఎవరూ అలా పిలవలేదు.

ఆయన వెళ్లాక నాయన నా గౌను కాలర్ పైకెత్తి, "అరిసింది నువ్వే కదమ్మా, ఎగరెయ్" అన్నాడు. తన కాలర్ మాత్రం ముట్టుకోలేదు.

ఇప్పుడు నా బ్యాడ్జి మీద ఇంజనీరు అని ఉంది. అయినా మా ఇంట్లో మొదటి ముహందిస్ మా నాయనే.