అక్క గొంతు పక్కన పాడటానికి ఒక మైకు

మా ఇంట్లో ఒక పాత క్యాసెట్ రికార్డరు ఉంది. అందులో నాలుగు గొంతుల్ని వేర్వేరు ట్రాకుల్లో రికార్డు చేసి, కలిపి వినవచ్చు. మొదటి ట్రాకులో అక్క పాడిన లాలిపాట ఉంది. రెండోది నా కోసం వదిలింది. "రేపు పాడతాలే" అని నేను వాయిదా వేస్తుండగానే అక్క పోయింది. మూడేళ్లయింది.

ఈ రోజు ధైర్యం చేసి, రికార్డరు పట్టుకుని మడివాళలో మైకులమ్మే పాత దుకాణానికి వెళ్లాను. మెరుస్తున్న కొత్త మైకొకటి ఎంచుకున్నాను. దుకాణం పెద్దాయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని అక్క పాట చివరిదాకా విన్నాడు.

"ఈ కొత్త మైకు శానా బాగుండాదప్పా. అయితే దీంట్లో పాడితే నీ గొంతు ఈ పొద్దుది, ఆయమ్మది అప్పటిది అని తెలిసిపోతాది. ఇద్దరూ ఒకే రూములో కూచోని పాడినట్ల ఉండల్ల కదా?" అన్నాడు.

"అట్లాంటిది ఉందా?" అని అడిగాను.

జాలీ సొట్టపోయిన పాత మైకు తీసి నా చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి సాయంత్రమే పాడాను. రెండు చోట్ల శ్రుతి తప్పాను. అక్క ఉంటే తొడపాశం పెట్టేది. టేపులో మాత్రం ఏమీ అనకుండా పాడుకుంటూ పోతోంది. ఎక్కడైనా ఆగి తిడుతుందేమోనని మూడుసార్లు విన్నాను.

ఆ తప్పులు చెరిపేయాలా, ఉంచేయాలా? మీరైతే ఏం చేస్తారు?