తొక్కుకు బూజు, నోటికి సారీ

పోసవ్వ మామిడి తొక్కు పెట్టిందంటే బాన్సువాడల ఆ గల్లీ అంతటికీ వాసనతోనే కబురు పోయేది. ఆమె చదివింది రెండో తరగతి. అది గూడ పంతులు కొట్టిండని నడుమల ఇడిసిపెట్టింది. ఉప్పెంత, కారమెంత అని మాత్రం ఆమెకు ఒకరు చెప్పే పని లేదు, ఆమె చెయ్యికే తెలుసు. మొగడు పోయినంక రెండు బర్లను పెట్టుకొని, పాలమ్మి, కొడుకు మహిపాల్‌ను డిగ్రీ దాక తోలింది. ఎవరి ముంగట తల వంచలే. తల వంచేది ఏడాదికోసారి జాడీ మీదికే.

ఆ జాడీల సగం తొక్కు మద్నూర్‌కు పోవాలె. ఆడ ఆమె అన్న పండరి ఇల్లు. అన్న తినాలని కాదు, వదిన రాజశ్రీ తిని వంక పెట్టలేకపోవాలని. కాపురానికొచ్చిన కాడి నుంచి రాజశ్రీ ఆ తొక్కుల వంక దేవులాడుతనే ఉన్నది. దొరకలే. ఈసారి ఐతారం తానే వచ్చి తీసుకపోతనని ఫోన్ చేసింది.

గీ నడుమల ఇంట్ల ఇంగ్లీషు జొర్రింది.

మహిపాల్ బండ్ల షోరూంల పనిచేస్తడు. కొత్తగ వచ్చిన మేనేజరు గిరాకితోని ఇంగ్లీషుల మాట్లాడాలె అన్నడట. పోసవ్వకు ఆడనే రోత పుట్టింది. బీర్కూర్ నుంచి చెరుకు రైతు వస్తడు, బండి చుట్టు తిరుగుతడు, "లీటరుకు ఎంత ఇస్తది తమ్మీ" అంటడు. ఆయనకు ఇంగ్లీషు దేనికి, పెట్రోల్ల కలిపి పోసుకోనీకా.

మహిపాల్ ఇనలే. ఫోన్ల పాఠాలు పెట్టుకున్నడు. రోజూ వాడే మాటలట, ఇద్దరు మాట్లాడుకున్నట్టు ఉంటయట. ఒకరు ఇటు, ఒకరు అటు. అటుదిక్కు నిలబడనీకి పెండ్లాం వైశాలిని పిలిస్తే ఆ పిల్ల నవ్వాపుకోలేక లోపటికి ఉరికింది. ఇగ మిగిలింది తల్లి.

"అమ్మా, నేను హౌ ఆర్ యూ అంట. నువ్వు ఐ యామ్ ఫైన్ అనాలె."

"అంటే ఏంది?"

"మంచిగున్న అని."

"మోకాళ్ళు గుంజుతున్నయ్. నడుము ఇరిగిపోతుంది. మంచిగున్న అని ఎట్లంటరా?"

"అట్లనే అనాలె అమ్మా. వాళ్ళు నిజం అడుగుతలేరు."

"నిజం వద్దన్నోడు అడుగుడెందుకు?"

మరునాడు బువ్వ పెడితే కన్నతల్లికి థాంక్యూ చెప్పిండు. పోసవ్వ ఇంకో గంటె పప్పు పోసి, "బిల్లు గూడ కట్టిపో" అన్నది. పెట్టిన బువ్వకు మాట తిరిగిచ్చుడేంది, అప్పు తీర్చినట్టు.

ఐతారానికి ఇంకా ఐదారు దినాలున్నదనంగ, జాడీ కాడికి పోతే ముక్కుకు పుల్లటి కంపు కొట్టింది. జాడీ మూతికి కట్టే వాసెన గుడ్డ ఊడి పక్కకు పడున్నది. మూత తీసింది. తొక్కు మీద తెల్లటి బూజు, ముసలి పిల్లి బొచ్చు లెక్క. నడుమల గంటె నిలబడున్నది. ఆమె నోట్లెకు చేదు నీళ్ళొచ్చినయ్. చెయ్యి పెట్టి చూద్దామన్నా చెయ్యి పోలే.

"ఎవరు పెట్టిండ్రు గీ గంటె?"

మహిపాల్ చెవుల్లకెల్లి తీగలు తీసిండు. తీసి, ఒక్క నిమిషం జాడీ దిక్కు చూసి, "సారీ అమ్మా" అన్నడు.

"ఏమంటున్నవ్?"

"గంటె కడిగిన, తుడువుడు మరిచిన. పాఠం ఇనుకుంట పోయిన. సారీ అన్న గద."

పోసవ్వ నోరు తెరిచింది. లోపట తిట్లు వరుసగ నిలబడున్నయ్, ఒకదాని మించి ఒకటి. వాడేమో చెయ్యి అడ్డం పెట్టిండు.

"గట్ల కాదమ్మా. ఇటు వాళ్ళు సారీ అంటే, అటు వాళ్ళు ఇట్స్ ఓకే అనాలె. పాఠంల గట్లనే ఉన్నది."

"నా నోట గా మాట రాదు. సచ్చినా రాదు."

ఆమె ఎరిగిన ఊర్లల్ల తప్పు చేసినోడు వాకిట్ల నిలబడేది. తల దించుకొని తిట్లు తినేది. కడుపునిండ తిట్టినంక ఇంటామె చెంబెడు నీళ్ళిచ్చేది, తాగి పోయేది. గిప్పుడు తిట్టుడు గూడ గుంజుకున్నరు. ఒక్క ఇంగ్లీషు ముక్క పారేసి, తల్లి నోటికి తాళం ఏస్తుండు.

దాని మీద ఇంకో రోత మాట అన్నడు. "ఫికర్ చెయ్యకమ్మా, మార్టుల ప్యాకెట్ల తొక్కు దొరుకుతది. తెచ్చి జాడీల పోద్దాం. అత్తకేం తెలుస్తది."

"దుకాణంల ఎవడో తొక్కిన తొక్కు నా జాడీల పోస్తవా? సూడు, అత్త వచ్చినప్పుడు ఆమె ముంగట నువ్వే చెప్పాలె. తెలుగుల. లేకుంటే నా చేతి బువ్వ లేదు నీకు."

ఐతారం రాజశ్రీ దిగింది. కాళ్ళు కడుక్కొని కూసోకముందే, "అగ బాయి, జాడీ ఏదే పోసవ్వా" అన్నది. ఆమె పుట్టిల్లు దెగ్లూర్ దిక్కు, నోట్లకెల్లి మరాఠీ పోదు.

పోసవ్వ కొడుకు దిక్కు చూసింది.

"సారీ అత్తా. బై మిస్టేక్..."

"గదేంది, మీ అమ్మ పెట్టిన కొత్త తొక్కా?"

మహిపాల్ తెలుగులకు దిగిండు. "తడి గంటె నేనే పెట్టిన అత్తా. వాసెన గూడ కట్టలే. బూజొచ్చింది. అమ్మ తప్పేం లేదు."

పోసవ్వకు పానం జర సల్లబడ్డది. రాజశ్రీ అందుకున్నది. గాడిద అన్నది, కండ్లు నెత్తికెక్కినయన్నది. పోసవ్వ తలుపుకానుకొని మంచిగ ఇన్నది. తన బాకీ తిట్లు ఒకరు తీరుస్తున్నట్టే ఉండె. గంతల రాజశ్రీ మాట మలిపింది.

"తండ్రి లేని పిలగాడు. పొద్దుమాపు బర్ల ఎనుక తిరిగే తల్లి ఏం నేర్పుతది వీనికి. తొక్కు తొక్కు అని గింత గొప్పలా, జాడీ కాపాడుకునుడు రానిదానికి..."

పోసవ్వ నాలిక మీదికి మాట వచ్చింది, రాజశ్రీ ఏడు తరాలు కడుక్కున్నా పోనిది. కానీ వచ్చినామె అన్న పెండ్లాం, ఇంకా బువ్వ గూడ తినలే. తిడితే మద్నూర్ తొవ్వ మూసుకపోతది. ఊకుంటే కొడుకు మీద పడ్డ మాట, తన మీద పడ్డ మాట నిజమైతది. తెలుగుల ఒక్కటంటే ఒక్కటి అక్కరకొచ్చే మాట దొరకలే.

"ఇట్స్ ఓకే వదినా" అన్నది.

రాజశ్రీ నోరు ఆడికాడికే ఆగింది. "ఏందే అది?"

"ఇంగ్లీషు. అది అన్నంక ఇగ ఎవరూ మాట్లాడొద్దు. పాఠంల గట్లనే ఉన్నది."

రాజశ్రీ మంచినీళ్ళు అడిగింది.

పోసవ్వ చెంబు అందిచ్చి, వాకిట్లకు పోయి నల్లా తిప్పి నోరు పుక్కిలించింది. ఒకసారికి ఆ ఇంగ్లీషు పోలే, మల్లొకసారి పుక్కిలించి ఊసింది. బూజు తొక్కు తిన్నట్టే ఉన్నది నాలిక. ఎనుకనే మహిపాల్ వచ్చి నిలబడ్డడు. మొకం వెలిగిపోతుంది. పెదవులు ఏదో మాటకు విచ్చుకుంటున్నయ్.

"థాంక్యూ అన్నవంటే జాడీ నెత్తి మీద బోర్లేస్త" అన్నది పోసవ్వ. "బూడిద తే. కూసొని తోము. వాసన పొయ్యేదాక తోము."

వాడు కూసున్నడు. అప్పుడు మొదలుపెట్టింది, అన్నిదినాల సంది వరుసల నిలబడ్డ తిట్లన్ని, ఒక్కొక్కటి.