మా అక్కను పిలిచిన గోడ

మే నెల చివరి బుధవారం. ఆకాశం మబ్బు పట్టి ఉంది, చినుకు లేదు. గొర్ల దొడ్డి ఊడ్చి, ఎరువు కుప్ప మీద పట్టా కప్పాను. తాండూరు నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. అక్క ఇక లేదు.

ఆ రోజు నా డైరీలో ఇంతే ఉంది. ఏ రోజు పని ఆ రోజు రాసుకోవడం నాకు అలవాటు. తర్వాత చదివితే అందులో పట్టా గురించి ఉంది, మబ్బు గురించి ఉంది, లేదన్న ఒక్క మాట తప్ప అక్క గురించి ఏమీ లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

పొద్దున చాయ్ తాగి పుస్తకం ముందు కూర్చున్న మనిషి అలాగే పక్కకు ఒరిగిందట. డిగ్రీ ఆఖరి పరీక్షలు నడుస్తున్నాయి. ఇంకొక్క పేపరే మిగిలి ఉంది. అప్పటికే అక్క మనవరాలిని ఎత్తుకున్న మనిషి.

ధారూర్ దగ్గర మా ఊరు. మా ఇంట్లో గొర్లు తప్ప చదువు లేదు. మా చిన్నప్పుడు ఊరి బడి గోడ మీద ‘బిడ్డలను బడికి పంపండి’ అని రాయించారు. మా నాయినకు చదవరాదు. ఉత్తరాలు తెచ్చే ఆయనతో చదివించుకున్నాడు. మా వైపు బిడ్డ అంటే కూతురే. కొడుకును ఎవరూ బిడ్డ అనరు. నాయిన ఇంటికొచ్చి అమ్మతో అన్నాడు:

“సర్కారే రాసింది. ఆడపిల్లనే పంపాలెనట. పిల్లగాణ్ణి పంపుమని ఏడ రాసిండ్రు? వాడు గొర్ల ఎన్క ఉంటడు.”

అలా అక్క బడికి, నేను మందకు. సాయంత్రం బడి కాగానే మంద దగ్గరికి ఉరికి వచ్చేది. చేతిలో పుల్ల పట్టుకుని గొర్లకు హాజరు పిలిచేది. ఒక్కోదానికి ఒక పేరు. గొర్రె పలకకపోతే దాని బదులు నేను “మే” అనాలి. ఆలస్యమైతే పుల్లతో నన్నే కొట్టేది. పెద్దయ్యాక కాలేజీ చదివి పంతులమ్మను అవుతానని ఆ గొర్ల ముందే చెప్పేది.

అయిదో తరగతి దాటనివ్వలేదు. పై బడి దూరమన్నారు. ఈడు రాగానే తాండూరులో నాపరాళ్లు పాలిష్ చేసే చోట పనిచేసే ఆయనకిచ్చి పెళ్లి చేశారు. ఆయన పోయి, కొడుకు తన కాళ్ల మీద నిలబడ్డాక, అక్క ఓపెన్ స్కూల్లో పది పరీక్ష కట్టింది. తర్వాత ఇంటర్ కట్టింది. ఆ తర్వాత వికారాబాద్‌లో డిగ్రీ కాలేజీలో చేరింది. తాండూరులో రైలెక్కితే దారిలో మా ధారూర్. నేను స్టేషన్‌కు పోయి కిటికీలోంచి పెరుగు డబ్బా అందించేవాణ్ణి.

“ముసలిదాన్నని సీటిస్తరు, స్టూడెంట్నని పాసిస్తరు. రెండు దిక్కుల ఫాయిదా నాదే తమ్మీ” అనేది.

“ఈ వయసుల నౌకరీ ఎవరిస్తరక్కా?”

“నౌకరీ ఎవరికి గావాలె? ఒక్కసారి బోర్డు ముంగట నిలబడి హాజరు పిలవాలె. మనుషులు పలకాలె, నువ్వు కాదు.”

నేను బడికి పోలేదు కానీ చదవడం, రాయడం వచ్చాయి. ధారూర్ స్టేషన్ బోర్డు, ఎరువుల సంచులు, బజ్జీలు కట్టిచ్చిన పేపర్లు. వాటితోనే అక్షరాలు కూడబలుక్కున్నాను. బడికి పోనందుకు నాకు ఏ బాధా లేదు. ఈ సంగతి అక్కకు సరిగ్గా చెప్పలేకపోయాను.

ఒకరోజు ఎదురు రైలు కోసం బండి ధారూర్‌లో చాలాసేపు ఆగింది. అక్క దిగి వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చుంది.

“ఒక ముచ్చట చెప్త, నవ్వొద్దు. బిడ్డలంటే ఆడపిల్లలొక్కరే కాదంట. కొడుకులు గూడనంట.”

“ఎవరన్నరు?”

“మా తెలుగు మేడం. కోస్తా దిక్కామె. పాఠంల ‘ఆమెకు ముగ్గురు బిడ్డలు’ అని ఉన్నది. ముగ్గురాడపిల్లల పెండ్లిండ్లు ఎట్ల జేసిందో పాపం అని నేను రాసిన. చూస్తే ముగ్గురూ మొగోళ్లే. క్లాసంత ఒకటే నవ్వు.”

నేనూ నవ్వాను. అక్క నవ్వలేదు.

“మరి గా గోడ ఇద్దర్ని పిలిచినట్టే గద తమ్మీ. నీ పిలుపు గూడ నేనే తీస్కొని పోయిన్నా?”

“గొర్లకు గూడ ఎవరో ఒకరు గావాలె గదక్కా.”

“నేనడిగింది అది కాదురా.”

రైలు కూత వేసింది. అక్క ఎక్కింది. బండి కదులుతుంటే కిటికీలోంచి అరిచింది: “నా డిగ్రీ కానీ. నీతోని పది కట్టిస్త!”

“ఈ వయసుల నాకెందుకే?”

“నీకంటె పెద్దదాన్ని, నాకు లేని వయసు నీకేడిది?”

ఇప్పుడు పొద్దున మందను వదిలేటప్పుడు ఏ గొర్రె అరిచినా, దాన్ని ఎవరో పేరు పెట్టి పిలిచినట్టే ఉంటుంది. వెనక్కి తిరిగి చూస్తాను. రైలు వచ్చే వేళకు కాళ్లు వాటంతట అవే స్టేషన్‌కు పోతాయి. ఆడవాళ్ల పెట్టె నా ముందే ఆగుతుంది. అక్క కూర్చునే కిటికీ దగ్గర ఇంకెవరో ఉంటారు. ఆమె నా వైపు చూస్తే నేను తల తిప్పుకుంటాను. ‘నేనడిగింది అది కాదురా’ అన్న అక్క మాటకు ఇంకా జవాబు వెతుకుతున్నాను.

సోమవారం. ఎండ. చివరి పేపర్ ఈ రోజే. ఎందుకు పోయానో తెలియదు, రైలెక్కి వికారాబాద్ కాలేజీకి పోయాను. గేటు దగ్గర ఒక అమ్మాయి గుర్తుపట్టింది.

“ధారూర్‌ల పెరుగు తెచ్చే మామవు గద నువ్వు? పెద్దమ్మ ఏది? ఈయాల ఆఖరి పేపర్ గద!”

నోరు తెరిచాను. ఆ పిల్ల చేతిలో పుస్తకం తెరిచే ఉంది, పెదవులు ఇంకా ఏదో వల్లె వేస్తున్నాయి.

“నువ్వు పో తల్లీ, టైమైతున్నది” అన్నాను.

“నా ఎన్క బెంచే పెద్దమ్మది. జల్ది రమ్మను” అంటూ ఉరికింది.

హాలు కిటికీలు గేటు వైపే ఉన్నాయి. సార్ అన్ని బెంచీల మీదా కాగితాలు పెట్టుకుంటూ పోయాడు, అక్క బెంచీ మీద కూడా పెట్టాడు. ఫ్యాను గాలికి అది లేచి కింద పడబోయింది. ఆ పిల్ల వెనక్కి తిరిగి పట్టుకుని, దాని మీద తన స్కేలు పెట్టింది. తలుపు వైపు ఒకసారి చూసి రాయడం మొదలుపెట్టింది. మళ్లీ చూసింది. కాగితం స్కేలు కింద కొట్టుకుంటూనే ఉంది.

మధ్యాహ్నం రైలుకు ధారూర్‌లో దిగాను. ఇంటికొచ్చి గొర్లకు నీళ్లు పెట్టాను.