బిస్కెట్ డబ్బాలో మిగిలిన రెండు కార్డులు

మా సారు పోయారని మిర్యాలగూడలో బస్సు దిగుతుండగా తెలిసింది. సూర్యాపేటలో ఆయన ల్యాబులో పదమూడేళ్లు పనిచేసినవాణ్ని, ఆ కబురు మందుల షాపువాళ్ల ఫోనులో వినాల్సి వచ్చింది. పొద్దున పాలవాడు ఎంత పిలిచినా తలుపు తీయలేదట. పెళ్లి చేసుకోని మనిషి. ఇంట్లో ఇంకెవరూ లేరు.

ఆపరేషన్లలో కోసి తీసిన ముక్కలు మా దగ్గరికి సీసాల్లో వస్తాయి. వాటిని మైనంలో పెట్టి దిమ్మలు చేసి, ఉల్లిపొర కన్నా పలచగా కోసి రంగు వేయడం నా పని. అది క్యాన్సరో కాదో మైక్రోస్కోపులో చూసి చెప్పడం సారు పని. చూసే ముందు కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకునేవారు. చూశాక మళ్లీ తుడిచారంటే రిపోర్టు మంచిది కాదని నాకు అర్థమైపోయేది.

మూత్రసంచి క్యాన్సరంటే ఆయనకు మహా పట్టింపు. తీసేసినా కలుపులాగా మళ్లీ మొలుస్తుందనేవారు. ఎవరికి మొలవొచ్చో అంచనా కట్టడానికి అదే ముక్కలోంచి ఇంకో పొర కోయించి హైదరాబాదుకు పంపేవారు. కొన్ని ప్రొటీన్లు ఎక్కువుంటే అక్కడి పరీక్షలో కణాలు గోధుమరంగులో తేలతాయి. అలా తేలితే నేను బెదిరిపోయేవాణ్ని.

"రంగు సూసి బెదరకయ్యా. గది అంచనానే, తీర్పు గాదు. రంగున్నా లేకున్నా మూడు నెలలకోసారి లోపల కెమెరా పెట్టి సూడాలె," అనేవారు సారు.

నొప్పి తగ్గాక మళ్లీ వచ్చేదెవరు? మిర్యాలగూడ రైస్ మిల్లు హమాలీ ఒకాయన, మూత్రంలో నెత్తురు పడితే వేడి చేసిందని బార్లీ నీళ్లు తాగుతూ నెలలు గడిపి వచ్చాడు. అలాంటివాళ్ల కోసమే సారు కార్డులు మొదలుపెట్టారు. రిపోర్టు రాసిన రోజే ఏడాదికి సరిపడా నాలుగు పోస్టుకార్డులు రాసి, బిస్కెట్ డబ్బాలో నెలల వారీగా సర్దేవారు. 'మూడు నెలలయింది. ఒకసారి చూపించుకొని పొండి.' అంతే. పోస్ట్‌మన్ ఊరందరికీ చదివి వినిపిస్తాడని జబ్బు పేరు రాసేవారు కాదు. నెల మొదట్లో ఆ కట్ట పోస్టు చేసేది నేనే. అడ్రసులు కూడా చూసేవాణ్ని కాదు. మూడో కార్డు అందుకుని వచ్చిన హమాలీకి మళ్లీ మొలక కనిపించింది. చిన్నగా ఉండగానే తీసేశారు.

మూడేళ్ల కిందట నాకు తెలివి ఎక్కువైంది. ఈ కాలంలో కార్డులేంటి సార్, ఇక ఫోన్లే చేద్దామని, రోగుల నంబర్లన్నీ కంప్యూటరులో ఎక్కించాను.

"ఫోనైతే మనిషి ఎత్తాలె. కార్డైతే ఇంట్లకు అదే వస్తది," అన్నారు సారు. నేను నవ్వి, డబ్బాను బీరువా పైకి నెట్టేశాను.

ఆయనకూ అదే జబ్బని మాకు చెప్పింది చివరి నెలలోనే. అప్పటికి ఎముకల దాకా పాకింది. కార్డులు మాని ఫోన్లు మొదలుపెట్టడానికి ఏడెనిమిది నెలల ముందు, కోదాడ పేషెంటుదని నాతో కోయించిన ముక్క ఆయనదేనట. గోధుమరంగు దట్టంగా వచ్చిందది. అది చూసి ఆయన అద్దాలు తుడుచుకున్నారో లేదో కూడా నాకు గుర్తులేదు.

సారు పోయిన మూడోనాడు హమాలీ ల్యాబుకు వచ్చాడు. సారు ఖాళీ కుర్చీ వైపు చూస్తూ అడిగాడు.

"మాకు సారు రాసిండు. మరి సారుకెవలు రాసిండ్రు కార్డు?"

అతను వెళ్లాక డబ్బా దించాను. దుమ్ములో, అప్పట్లో పోస్టు చేయని రోగుల కార్డుల మధ్య, రెండు కార్డులు వేరుగా కనిపించాయి. సారు దస్తూరీ, సారు పేరు, సారు ఇంటి అడ్రసు. 'మూడు నెలలయింది. ఒకసారి చూపించుకొని పొండి.' ఆయన ఆసుపత్రి ఫైలు చూస్తే పరీక్షకు వెళ్లిన తేదీలూ రెండే. రెండూ నేను కట్ట పోస్టు చేసిన నెలలే.

గడువు తెలియక ఆగిపోయారని నేననుకోను. ఊరందరికీ గుర్తుచేసిన మనిషి. ఒంటరి ఇంటికి, రమ్మని పిలుస్తూ ఒక్క కార్డయినా రావాలనుకున్నారేమో. అది రాకుండా చేసింది నేను. పదమూడేళ్లు పక్కన కూర్చొని, ఆయనే జబ్బు సంగతి చెప్పేదాకా మీరెలా ఉన్నారు సార్ అని ఒక్కసారి అడగలేదు.

మొన్న ఆ రెండింటిలో ఒకటి పోస్టు చేశాను. పిచ్చిపనే. ఇవాళ సారు ఇంటి వీధిలోంచి వస్తుంటే కనిపించింది. తాళం వేసిన తలుపు కింద, సగం లోపలికి వెళ్లి సగం బయటే ఆగిపోయి ఉంది.