నార్ఫోక్‌లో వరిచేలు

మనవ బంగారాలూ, నిన్న వీడియో కాల్‌లో మీరు మైదాపిండిలో ఉప్పు కలిపి బొమ్మలు చేస్తుంటే, అక్కడ మీ చాండ్లర్‌లోని ఆ పచ్చిపిండి వాసన ఇక్కడ ట్రాయ్‌లో నాకు తగిలినట్టే అనిపించింది.

డెబ్బైల చివర, మేం బందరు నుంచి ఈ దేశానికొచ్చిన మొదటి చలికాలం. నాకు ఎనిమిదేళ్ళు. అలాంటి పిండితోనే ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ మ్యాప్ చేసి తెమ్మంది మా టీచర్. బళ్ళో నాతో ఎవరూ ఆడేవారు కాదు. మ్యాప్ బాగుంటే ఎవరైనా పక్కన కూర్చుంటారని నా ఆశ.

"తూర్పున సముద్రం, అంతా చదును నేల," అని అమ్మకి చెప్పాను.

"అచ్చం మన బందరేనే!" అంది అమ్మ. సముద్రం పక్కన ఉప్పు మళ్ళు చేసింది. తర్వాత వరిచేలు, గట్ల మీద తాటిచెట్లు. చేస్తున్నంతసేపూ తన ఊరి కబుర్లు చెబుతూనే ఉంది.

మర్నాడు క్లాసంతా నవ్వింది. ఏడుస్తూ ఇంటికొచ్చాను.

"అక్కడ పండేది బార్లీ, చక్కెర దుంపలటమ్మా!"

"సముద్రం ఉండి వరి లేకపోవడమేంటే?" అంది అమ్మ, నిజంగానే ఆశ్చర్యపోయి.

ఆ రోజు నా ఒంటరితనమే నాకు తెలిసింది. ఆ చలికాలమంతా తన ఊరి గురించి మాట్లాడే అవకాశం అమ్మకి ఆ పిండి మ్యాప్ ఒక్కటే ఇచ్చిందని ఇప్పుడు తెలుస్తోంది.